కలకత్తా కింద 23 ఏళ్ళు

మా పెదనాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఖరగ్‌పూర్ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట: బెంగాల్లో ఉన్నా అది సగం తెలుగు ఊరే. రైల్వే ఉద్యోగాలకని వెళ్ళి అక్కడే పాతుకుపోయిన కుటుంబాలు బోలెడు. మా ఇంట్లో ఎవరైనా పని తెమల్చకుండా నానుస్తుంటే ఆయన ఒకటే మాట అనేవారు. "ఏంట్రా, కలకత్తా మెట్రో తవ్వినట్టు తవ్వుతున్నావు?" నా ఇంజనీరింగ్ సప్లీలకి కూడా ఇదే వాడారు.

ఆ మాట నాకు ఎంత అలవాటైపోయిందంటే, మొన్నొకసారి ఆఫీసు స్టేటస్ కాల్‌లో మూడోసారి వాయిదా పడిన రిలీజు గురించి నేనే అనేశాను. కాల్‌లో ఒక బెంగాలీ అమ్మాయి ఉంది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. "మా నాన్నగారి షాపు చిత్తరంజన్ ఎవెన్యూలో ఉండేది, ఆ గోతి పక్కనే" అంది. అంతే, తర్వాత అజెండాలోకి వెళ్ళిపోయాం. కానీ ఆ రాత్రి కూర్చుని అసలు ఏం జరిగిందో చదవడం మొదలెట్టా. కొన్నాళ్ళకి ఒక ఫ్రెండు పెళ్ళికని కలకత్తా వెళ్ళే పని పడింది, రైలెక్కి చూసి కూడా వచ్చా. (2001 నుంచి ఊరి పేరు కోల్‌కతా అని తెలుసు. మా ఇంట్లో ఇంకా కలకత్తాయే, ఇక్కడ కూడా అదే రాస్తాను.)

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది, ఈ కథ 1972లో కాదు, దానికి యాభై ఏళ్ళ ముందు మొదలైందని తెలిసినప్పుడు. 1919లో సిమ్లాలో జరిగిన ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్ సమావేశాల్లో కలకత్తాకి భూగర్భ రైలు వేద్దామని కమిటీ వేశారు. హార్లీ డాల్రింపుల్-హే అని లండన్ ట్యూబ్ రైళ్ళ సొరంగాలు తవ్వించిన ఇంజనీరు దానికి ప్లాను గీశాడు. కలకత్తా వైపు బాగ్‌మారీ నుంచి హుగ్లీ నది కిందుగా అవతలి ఒడ్డున హౌరా వైపు సాల్కియా దాకా. 1921లో ఆ ప్లాను పుస్తకంగా కూడా వచ్చింది. ఖర్చు సుమారు 35 లక్షల పౌండ్లు. డబ్బులెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. ప్లాను బీరువాలోకి పోయింది. కానీ ఆయన మాత్రం ఊరుకోలేదు, 1931 కల్లా కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కంపెనీ వాళ్ళకి హుగ్లీ కింద ఒక చిన్న సొరంగం తవ్వించి పెట్టాడు, కరెంటు కేబుళ్ళు అవతలికి పంపడానికి. అంటే మనుషులు నది కిందనుంచి వెళ్ళడానికి తొంభై ఏళ్ళకి పైగా ముందే కరెంటు వెళ్ళిందన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ మళ్ళీ కదిపారు. ఫ్రెంచి నిపుణులొచ్చి సర్వే చేశారు, తేలలేదు. ఈలోగా దేశవిభజన వల్ల ఊరు శరణార్థులతో నిండిపోయింది. కలకత్తాలో రోడ్లకోసం వదిలిన జాగా చాలా తక్కువ. ట్రాములు, బస్సులు, రిక్షాలు, మనుషులు అన్నీ అందులోనే. రోడ్డు వెడల్పు చెయ్యడానికి లేదు, పైన కట్టడానికి లేదు. మిగిలింది కింద. 1969లో రైల్వే వాళ్ళు ఒక ప్రాజెక్టు ఆఫీసు పెట్టారు, సోవియట్ నిపుణులు సాయపడ్డారు, 1971కి మాస్టర్ ప్లాన్ తయారయింది. అందులో మొదటిగా ఎంచుకున్నది ఉత్తరాన దమ్‌దమ్ నుంచి దక్షిణాన టాలీగంజ్ దాకా 16.45 కిలోమీటర్లు, 17 స్టేషన్లు. చివరి రెండూ తప్ప మిగతా 15 స్టేషన్లూ భూమి లోపలే. 1972 జూన్‌లో మంజూరు, అదే ఏడాది డిసెంబర్ 29న ఇందిరా గాంధీ శంకుస్థాపన. అంచనా 140 కోట్లు. మొత్తం పూర్తయ్యేసరికి అది పది రెట్లు దాటింది.

ఇప్పుడు అసలు విషయం. కలకత్తా కింద ఏముంది?

బురద. గంగ తెచ్చి పోసిన ఒండ్రు. పైపొర అంతా మెత్తటి బంకమట్టి, మధ్యలో ఎప్పుడో కుళ్ళిపోయిన చెట్ల ముక్కలు, దానికింద ఇసుక. కొద్ది అడుగులు తవ్వితే నీళ్ళు. డాల్రింపుల్-హే లండన్లో తవ్వింది గట్టి బంకమట్టిలో. ఆ మట్టి సొరంగం తవ్వినా కాసేపు అలాగే నిలబడుతుంది. కలకత్తా మట్టి నిలబడదు, పెరుగులా జారుతుంది. మన హైదరాబాదు సరిగ్గా దీనికి రివర్సు. గజం లోతున గునపం వేస్తే ఠంగుమంటుంది.

అందుకని మనవాళ్ళు ఎంచుకున్న పద్ధతి చాలామటుకు కట్ అండ్ కవర్. అంటే రోడ్డుని పైనుంచి తవ్వడం, లోపల కాంక్రీటు పెట్టె కట్టడం, మళ్ళీ మట్టి కప్పి రోడ్డు వెయ్యడం. ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు, 1863లో లండన్లో మొదలైన మెట్రోపాలిటన్ రైల్వే, ఇదే పద్ధతిలో కట్టారు. వింటే సింపుల్‌గానే ఉంటుంది. మున్సిపాలిటీ వాళ్ళు పైపులు వెయ్యడానికి మన వీధి తవ్వరూ, అలాగే అనిపిస్తుంది. కానీ ఒక్కో స్టెప్పూ చూడండి.

ముందు రోడ్డు కింద ఉన్నవన్నీ పక్కకి జరపాలి. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ళు కట్టిన ఇటుకల మురుగు సొరంగాలు, మంచినీళ్ళ మెయిన్లు, గ్యాసు పైపులు, కరెంటు కేబుళ్ళు, టెలిఫోన్ కేబుళ్ళు. ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో సరైన డ్రాయింగులు ఉండవు. ఉన్నవి నిజం కావు. డాక్యుమెంటేషన్ లేని ముప్ఫై ఏళ్ళనాటి కోడు చేతికిచ్చి, సిస్టమ్ ఒక్క నిమిషం కూడా ఆగకుండా మార్చమంటే మనకి ఎలా ఉంటుందో అలాగన్నమాట. తేడా ఏంటంటే మనం తప్పు చేస్తే సర్వర్ పడుతుంది, వాళ్ళు తప్పు చేస్తే ఒక పేటకి మంచినీళ్ళు పోతాయి. లేదా మురుగు వచ్చి గోతిలో పడుతుంది. 1862లో లండన్లో సరిగ్గా ఇదే అయింది, ఫ్లీట్ అనే పెద్ద మురుగు కాలువ పగిలి పనంతా మునిగిపోయింది.

తర్వాత గోడలు. మామూలుగా గొయ్యి తవ్వి గోడ కడతాం. ఇక్కడ మట్టి ఆగదు కాబట్టి గొయ్యి తవ్వకముందే గోడ కట్టాలి! ఎలాగంటే, గోడ వెడల్పున సన్నగా, లోతుగా ఒక కందకం తవ్వుతూ, తవ్వేకొద్దీ అందులో బెంటొనైట్ అనే మట్టి కలిపిన నీళ్ళు పోస్తూ ఉంటారు. పల్చటి అట్లపిండిలా ఉంటుంది. దాని బరువు కందకం అంచుల్ని పడిపోకుండా పట్టుకుంటుంది. పూర్తి లోతుకి వెళ్ళాక ఇనప చువ్వల బోనుని అందులోకి దింపి, అడుగునుంచి ఒక గొట్టంతో కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు బరువెక్కువ కాబట్టి అట్లపిండి పైకి తేలుతుంది, దాన్ని తోడేస్తారు. అలా ముక్క ముక్కగా రోడ్డుకి రెండు వైపులా గోడలు. అప్పుడు మధ్యలో మట్టి తవ్వుతూ, గోడలు లోపలికి వంగకుండా అడ్డంగా ఇనప దూలాలు బిగిస్తూ కిందకి వెళ్ళాలి. అడుగున స్లాబ్, పైన కప్పు. ట్రాములు ఆగకూడదు కాబట్టి కొన్నిచోట్ల పైన స్టీలు పలకలు పరిచి, పైన ట్రాము, కింద తవ్వకం.

ఇంతా చేశాక ఇంకో చిక్కు. చుట్టూ నీళ్ళున్న మట్టిలో ఖాళీ కాంక్రీటు పెట్టె అంటే నీళ్ళలో ఖాళీ బిందె లాంటిది. పైకి తేలాలని చూస్తుంది. దాని సొంత బరువు, పైన కప్పిన మట్టి బరువు కలిసి దాన్ని కిందకి తొక్కి పట్టాలి. ఊరి కింద సొరంగం బరువు సరిపోక పైకి లేచే ప్రమాదం ఉంటుందని నాకు ఇది చదివేదాకా తట్టనే లేదు.

ఇవన్నీ మన దేశంలో మొదటిసారి, డెబ్భైల్లో. ఏటా బడ్జెట్లో విదిలించే డబ్బు చాలదు. సిమెంటు, స్టీలు సమయానికి దొరకవు. పైగా ఇల్లు కదిలిందని ఒకరు, షాపు మూతపడిందని ఒకరు కోర్టుకి వెళ్తే స్టే. స్టేల మీద స్టేలు పడి చివరికి మెట్రో పనులకోసం 1978లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చెయ్యాల్సొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్లో కలకత్తా వరదల్లో మునిగింది. నోరు తెరుచుకుని ఉన్న గోతులున్న ఊళ్ళో వరద!

పెదనాన్న చెప్పేది ఈ కాలం గురించే. ఆదివారం కలకత్తా వెళ్తే చౌరంగీ దగ్గర చెక్కల మీద నడిచి దాటాలట. "కిందకి చూస్తే లాంతర్లు పెట్టుకుని ఎవరో ఇల్లు కడుతున్నట్టుండేదిరా, ఏడాది తర్వాత వెళ్ళినా అదే గొయ్యి, అవే చెక్కలు" అనేవారు. ఆ చెక్కల అవతల ఎవరి షాపు ఉందో ఆయన ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. గిరాకీ రావాలంటే గొయ్యి దాటి రావాలి. ఒక నెల కాదు, ఏళ్ళ తరబడి. ప్రాజెక్టు లేటయిందంటే మనకి గాంట్ చార్టులో ఎర్ర గీత పొడుగవుతుంది. అక్కడ ఒక మనిషి వ్యాపారం చేసుకునే వయసు మొత్తం ఆ ఎర్ర గీతలో పోయింది. నా కొలీగ్ ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలిసింది.

అన్నిచోట్లా పైనుంచి తవ్వడానికి కుదరలేదు. ఉత్తరాన బెల్‌గాఛియా, శ్యామ్‌బజార్ మధ్యలో ఒక కాలవ, రైల్వే యార్డు అడ్డం. అక్కడ సుమారు ఒక కిలోమీటరు షీల్డ్ పద్ధతిలో పోయారు. ఇనప డబ్బా లాంటి షీల్డుని జాకీలతో ముందుకి నెడుతూ, దాని నీడలో మట్టి తవ్వి, వెనకాల గుండ్రంగా లైనింగు బిగించడం. నీళ్ళు లోపలికి రాకుండా సొరంగంలో గాలి ప్రెషరు పెంచేస్తారు. లోపలికి వెళ్ళే కూలీలు ఎయిర్‌లాక్ గదిలో కూర్చుని మెల్లగా ప్రెషరు ఎక్కించుకోవాలి, బయటికొచ్చేటప్పుడు ఇంకా మెల్లగా దించుకోవాలి. తొందరపడితే గోళీసోడా కొట్టినట్టే, రక్తంలో కరిగిన గాలి బుడగలై కీళ్ళలో చేరుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. ఇలాంటి పని చేసినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవనుకోండి.

సొరంగం అయింది, మరి పట్టాలు? నేను కూడా సొరంగం అయ్యాక పట్టాలదేముంది, పరిచేయడమే కదా అనుకున్నా. మామూలు రైలు పట్టాల కింద కంకర ఉంటుంది కదా, అది రైలు అదురుని పీల్చుకుంటుంది. కానీ కంకరని మాటిమాటికీ సర్దాలి, ఎగదోయాలి. సొరంగంలో ఆ పనికి చోటూ లేదు, టైమూ లేదు, రాత్రి ఆఖరి రైలుకీ పొద్దున మొదటి రైలుకీ మధ్య దొరికే నాలుగైదు గంటలే. అందుకని కంకర లేకుండా కాంక్రీటు మీదే పట్టాలు బిగించారు. అప్పుడు అదురంతా కాంక్రీటు గోడల్లోంచి పైన ఉన్న ఇళ్ళకి పోతుంది. దానికోసం పట్టాకీ కాంక్రీటుకీ మధ్య రబ్బరు ప్యాడ్లు. ఆ ప్యాడ్ల మెత్తదనం లెక్కలోనే ఉంది కిటుకంతా. మరీ గట్టిగా ఉంటే పైన అల్మరాలో గిన్నెలు మోగుతాయి, మరీ మెత్తగా ఉంటే పట్టా కదులుతుంది.

ఇంకోటి. పైన వైర్లు పెడితే సొరంగం ఎత్తు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని కరెంటుని పక్కన నేలమీద మూడో పట్టాలో ఇచ్చారు, 750 వోల్టుల డీసీ. రైలు వాడుకున్న కరెంటు తిరిగి సబ్‌స్టేషన్‌కి వెళ్ళేది మామూలు పట్టాల గుండానే. దార్లో ఎక్కడైనా కొంచెం భూమిలోకి జారిందా, అది దగ్గర్లో ఉన్న నీళ్ళ పైపునో, గోడలో ఇనప చువ్వనో పట్టుకుని ప్రయాణం చేస్తుంది, బయటికి వచ్చే చోట ఆ ఇనుముని తినేస్తుంది. ఏళ్ళ తరబడి, ఎవరికీ కనపడకుండా. మెమరీ లీక్ అంటే మనం ఏదో పెద్ద బాధ అనుకుంటాం గానీ. ఆ రబ్బరు ప్యాడు అదురుని ఆపడంతో పాటు ఈ కరెంటు జారకుండా కూడా చూస్తుంది.

పట్టాల మధ్య దూరం మాత్రం రైల్వే వాళ్ళు తమ ఇంటి అలవాటే పెట్టుకున్నారు, బ్రాడ్‌గేజ్, 1676 మిల్లీమీటర్లు. పెట్టెలు మద్రాసు పెరంబూరులో ఐసీఎఫ్ కట్టింది. ఏసీ లేదు, కడిగి చల్లబరిచిన గాలిని సొరంగంలోకి కొట్టేవాళ్ళు. ఆ నాన్ ఏసీ రైళ్ళు 2021 అక్టోబర్ దాకా నడిచాయి.

1984 అక్టోబర్ 24న మొదటి రైలు. ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా, ఐదు స్టేషన్లు, 3.4 కిలోమీటర్లు. అప్పటికి శంకుస్థాపన చేసి పన్నెండేళ్ళు. ఆ శంకుస్థాపన చేసిన ఇందిరా గాంధీ వారం తర్వాత హత్యకి గురయ్యారు. నవంబర్లో ఉత్తరం చివర దమ్‌దమ్ నుంచి బెల్‌గాఛియా దాకా రెండు కిలోమీటర్ల చిల్లర ముక్క తెరిచారు. మధ్యలో ఏమీ లేదు! రెండు స్టేషన్ల రైలు ఎవరెక్కుతారు? 1992లో దాన్ని మూసేశారు. క్లయింటుకి డెమో చూపించడానికి హడావిడిగా లైవ్ చేసి, తర్వాత ఎవరూ వాడట్లేదని ఆపేసే మాడ్యూల్ మనందరికీ ఒకటైనా తెలుసు కదా, అదీ. దక్షిణం వైపు మాత్రం 1986కే టాలీగంజ్ చేరింది. మధ్య ముక్కలు ఒక్కొక్కటే కలుపుకుంటూ 1995 సెప్టెంబర్ 27కి మొత్తం పూర్తయింది. శంకుస్థాపన నుంచి 23 ఏళ్ళు.

ఈ ప్రాజెక్టులో మనకి దగ్గరవాడు ఒకాయన ఉన్నాడు. 1970లో కలకత్తా మెట్రో ప్లానింగ్, డిజైన్ చూసిన డిప్యూటీ చీఫ్ ఇంజనీర్ ఈ. శ్రీధరన్. ఊరు కేరళ పాలక్కాడ్ అయినా సివిల్ ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడ గవర్నమెంటు కాలేజీలోనే. అప్పటికే 1964 తుఫానులో కొట్టుకుపోయిన పంబన్ వంతెనని 46 రోజుల్లో నిలబెట్టిన పేరుంది. ఆ మనిషికి కలకత్తా ఎలా అనిపించి ఉంటుందో! కొన్నేళ్ళకి వేరే పోస్టుకి వెళ్ళిపోయారు. తర్వాత ఢిల్లీ మెట్రో చేతికొచ్చినప్పుడు రివర్స్ గడియారాలు పెట్టి, ఇంకా ఇన్ని రోజులే ఉన్నాయని అందరికీ కనపడేట్టు చేశారు. 2002లో మొదటి రైలు, 2005కి పాతఢిల్లీ కిందనుంచి కూడా రైలు. ఢిల్లీని మెచ్చుకునేవాళ్ళు కలకత్తాని వెక్కిరించడం రివాజు. నాకు మాత్రం ఢిల్లీకి కట్టాల్సిన ట్యూషన్ ఫీజు కలకత్తా కట్టిందనిపిస్తుంది. డబ్బు కేంద్రం చేతిలో ముష్టిలా కాకుండా ముందే ఖాయమవ్వాలని, నిర్ణయాలు తీసుకోడానికి విడిగా ఒక కంపెనీ ఉండాలని, ఇరుకు పేటల్లో పైనుంచి తవ్వకూడదని, ఇవన్నీ ఎక్కడో ఒకచోట దెబ్బ తింటేగానీ తెలిసేవి కావు.

గేజ్ విషయంలో మాత్రం ఢిల్లీలో మొదటి దశకి ఆయన మాట చెల్లలేదు. ఆయన స్టాండర్డ్ గేజ్ కావాలన్నారు, రైల్వే మంత్రిత్వశాఖ బ్రాడ్‌గేజే అంది. తర్వాతి లైన్లలో ఆయన మాటే నెగ్గింది. దీని తమాషా కలకత్తాలో చూడొచ్చు. కొత్త ఈస్ట్-వెస్ట్ లైను స్టాండర్డ్ గేజ్, పాత లైను బ్రాడ్‌గేజ్. రెండూ ఎస్ప్లనేడ్‌లో కలుస్తాయి, కానీ ఒకదాని రైలు ఇంకోదాని మీద నడవదు. వెర్షన్ వన్, వెర్షన్ టూ, బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ సున్నా.

ఆ ఈస్ట్-వెస్ట్ లైనే 1921 నాటి పాత కల. 2009 ఫిబ్రవరిలో శంకుస్థాపన. ఈసారి పైనుంచి తవ్వడం కాదు, టన్నెల్ బోరింగ్ మిషన్లు. ముందు తిరిగే చక్రం మట్టిని కోస్తుంది, కోసిన మట్టి వెనక గదిలో నిండి, బయటి మట్టి, నీళ్ళు తోసే బలానికి ఎదురు తోస్తుంది. రైసుమిల్లులో ఉండే లాంటి మర ఒకటి ఆ మట్టిని కొలిచినట్టు బయటికి లాగుతుంది. ఎక్కువ లాగితే పైన నేల కుంగుతుంది, తక్కువ లాగితే ఉబ్బుతుంది. 2017లో ప్రేరణ, రచన అనే రెండు మిషన్లు హుగ్లీని కిందనుంచి దాటేశాయి, 520 మీటర్లు. అందరూ భయపడిన ముక్క అది. ఏమీ కాలేదు.

అయింది ఒడ్డున. మొదట సెంట్రల్ స్టేషన్ మీదుగా అనుకున్న దారిని మధ్యలో మార్చి ఎస్ప్లనేడ్ మీదుగా తిప్పారు. ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా వెళ్ళే దారిలో బౌబజార్ ఉంది. బంగారప్పనివాళ్ళ పేట, వందేళ్ళు దాటిన ఇళ్ళు, వాటికి పునాదులు ఎంతో ఎవరికీ తెలియదు. 2019 ఆగస్టు 31న చండీ అనే మిషన్ భూమిలో నీళ్ళున్న ఇసుక పొరకి తగిలింది. నీళ్ళు, వాటితో పాటు మట్టి సొరంగంలోకి రావడం మొదలైంది. పైన దుర్గా పితూరీ లేన్, స్యాక్రాపారా లేన్‌లలో గోడలు చీలాయి, ఇళ్ళు కూలాయి. వందలమందిని కట్టుబట్టలతో హోటళ్ళకి తరలించారు. నీళ్ళని ఆపడానికి తిరిగి సొరంగాన్ని నీళ్ళతోనే నింపాల్సొచ్చింది. చండీ ఇక కదల్లేదు, ఊర్వి అనే రెండో మిషన్ తన సొరంగం ముగించుకుని వెనక్కి తిరిగి దాని మిగతా పని కూడా చేసింది. అయినా 2022 మేలో మళ్ళీ పగుళ్ళు, అక్టోబర్లో పక్క సందులో మళ్ళీ. నది కింది భాగం 2024 మార్చిలో మొదలైంది, ఎస్ప్లనేడ్-సియాల్దా ముక్క పడి లైను మొత్తం ఒకటయ్యేసరికి 2025 ఆగస్టు 22. అంటే పదహారేళ్ళు. ఇది డెబ్భైల నాటి సిమెంటు కరువు కాలం కాదు, మిషన్లున్న కాలం, డబ్బున్న కాలం.

ఆఫీసులో లంచ్ దగ్గర ప్రతి ఆరు నెలలకీ ఒకసారి వచ్చే చర్చ ఉంది, "హైదరాబాద్ మెట్రో అండర్‌గ్రౌండ్ కట్టుంటే ఎంత బావుండేది, ఊరి అందం చెడగొట్టారు" అని. నేనూ ఆ పార్టీయే. అమీర్‌పేటలో ఆకాశం కనపడక చాలాసార్లు తిట్టుకున్నా. కింద తవ్వితే ఖర్చు పైన కట్టేదానికి రెండు మూడు రెట్లు అవుతుందని తెలుసు, ఐనా ఊరికోసం పెట్టొచ్చు కదా అనేవాణ్ణి. మనకి ఉన్నది రాయి కాబట్టి బౌబజార్ లాంటిది మనకి రాదనీ వాదించొచ్చు. కొంతవరకు నిజమే. కానీ రాయి కూడా ఒకే తీరుగా ఉండదు, మధ్యలో పుచ్చు రాయి, మట్టి, పాత చెరువుల పూడిక ఉంటాయి. అసలు గొడవ అది కాదు. పైన కడితే ఎవరి ఇల్లు పోతుందో ముందే తెలుస్తుంది. మార్కింగు వేస్తారు, నోటీసు ఇస్తారు, బేరం జరుగుతుంది, కోర్టుంది. 2025లో పాతబస్తీ మెట్రోకోసం ఆస్తులు కూల్చడం మొదలైనప్పుడు పేపర్లలో లెక్కలతో సహా వచ్చింది. అది న్యాయంగా జరిగిందా లేదా అని కొట్టుకోడానికైనా ఒక లెక్కుంది. బౌబజార్లో పొద్దున లేచేసరికి గోడ చీలినవాడికి నోటీసు ఎవరిచ్చారు? మీ ఇంటికింద తవ్వుతున్నాం, ఏమీ కాదు అన్నారు, అంతే.

అందుకని అండర్‌గ్రౌండ్ వద్దని కాదు. ఇప్పటికీ చార్మినార్ దగ్గర కింద తవ్వడమే మేలనే నా అభిప్రాయం. కానీ అలా అనేముందు, పైన ఉండే ఇళ్ళ పునాదులు ఒక్కొక్కటీ చూసి, అవి కదిలితే ఎంత ఇస్తారో తవ్వకముందే కాగితం మీద రాసిస్తారా అని అడగాలి. మా లంచ్ టేబుల్ దగ్గర ఆ ప్రశ్న నేను ఇంతవరకు అడగలేదు.

పెళ్ళయిన మర్నాడు హౌరా మైదాన్‌లో ఎక్కా. నది కింద సొరంగం గోడల మీద నీలం లైట్లు పెట్టారు. పెట్టెలో అందరూ ఫోన్లు తీసి కిటికీలకి పెట్టారు, నేనూ తీశా, ముప్పావు నిమిషంలో అయిపోయింది. ఎస్ప్లనేడ్ దాటాక బౌబజార్ ముక్క వస్తుంది కదా అని చెవులు రిక్కించి కూర్చున్నా. ఏ తేడా తెలియలేదు. సియాల్దాలో దిగి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఆ సందుల్లో తిరిగా. ఒకచోట ఇంటి గోడకి ఇనప దూలాలు ఆనించి ఉన్నాయి, కింద అరుగు మీద ఒక పెద్దాయన చిన్న మంట ముందు కూర్చుని ఊదుగొట్టంతో గొలుసు అతుకుతున్నాడు. ఫోటో తియ్యబుద్ధి కాలేదు.

కలకత్తా నుంచి వచ్చాక పెదనాన్నకి ఫోన్ చేసి నది కిందనుంచి వెళ్ళొచ్చానని చెప్పా. "ఇన్నాళ్ళకి పూర్తి చేశారన్నమాట" అన్నారు. ఎన్నేళ్ళు పట్టిందని అడిగితే 1921 నుంచి లెక్కేసుకోమన్నాను. కాసేపు నవ్వి, 1979లో శ్యామ్‌బజార్ దగ్గర తమ ఖరగ్‌పూర్ తెలుగు కుర్రాళ్ళు కొంతమంది ఆ ప్రాజెక్టులో ఫిట్టర్లుగా చేరారని, అందులో ఇద్దరు ఆ ఎయిర్‌లాక్‌లోకి కూడా వెళ్ళేవాళ్ళని చెప్పారు. ఇన్నేళ్ళలో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదాయన. మీ ఇళ్ళలో కూడా ఖరగ్‌పూర్ చుట్టాలు ఉంటే, అలా ఆ సొరంగంలో పనిచేసిన వాళ్ళు ఎవరైనా ఉంటే, కింద రెండు ముక్కలు రాయండి. అలాగే డాల్రింపుల్-హే 1921 పుస్తకం స్కాన్ ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, మ్యాపులు చూడాలనుంది.